శిక్షణ కుక్కకా, మనకా?

పోయిన నెల మన క్లాసు గ్రూపులో ఒక రీల్ తిరిగింది. ఒకమ్మాయి కుక్క ముందుకాళ్ళు రెండూ పట్టుకుని, పైకి లేపి పాటకి ఊపుతోంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి మా టైగర్‌తో అదే చేశాను. అది కాళ్ళు లాక్కుని మంచం కిందికి దూరింది, సాయంత్రం దాకా రాలేదు.

కుక్కతో కలిసి పాటకి అడుగులేయడం ఇంగ్లండులో ఒక పోటీ. కెనైన్ ఫ్రీస్టైల్ అంటారు. 2012లో ఆష్లీ బట్లర్ అనే 17 ఏళ్ళ అమ్మాయి, తన కుక్క పడ్సీతో 'బ్రిటన్స్ గాట్ టాలెంట్' గెలిచింది. మంచి శిక్షణలో కుక్కను పట్టి ఆడించరు. అది తనంతట తాను తిరిగిన క్షణంలోనే క్లిక్కర్ 'టక్'మనాలి, వెంటనే ఒక తిండిముక్క. కాస్త ఆలస్యమైతే వేరే పనిని మెచ్చుకున్నట్టవుతుంది. తప్పు మనదే! పాట కూడా మనకి నచ్చింది కాదు, కుక్క నడకకి సరిపోయేది వెతకాలి.

మా ఇంట్లో అమ్మ 'రా' అంటుంది, నాన్న 'బా' అంటారు. టైగర్ రెండింటికీ వస్తుంది. మాటకన్నా మన చెయ్యి, భుజం ఎక్కువగా చూస్తుందని ఇప్పుడు తెలిసింది. కాబట్టి ముందు అడుగులు నేర్వాల్సింది మనం.

నోరులేనిదాన్ని ఆడించడమేంటే అని అవ్వ కోప్పడుతుంది. నేను ఒప్పుకోను. అది వద్దన్నప్పుడు మనం ఆపితే అది ఆటే. ఆ రీల్ మాత్రం ఆట కాదు.

పదిహేను రోజులకి టైగర్ ఒక చుట్టు తిరుగుతోంది, కుడివైపే. ఎడమకి నా చెయ్యే ఇంకా సరిగ్గా తిరగడం లేదు.