పోవిస్ తోట చూశాక

వేల్స్‌లోని పోవిస్ కోటకు పిల్లాపాపలతో వెళ్లినవాళ్లు తోటలోనే పొద్దుపుచ్చుతారు. తప్పేం లేదు, అంచెలంచెలుగా దిగే ఆ తోట, మబ్బుల్లా ఉబ్బిన యూ చెట్ల కంచెలు అంత అందంగా ఉంటాయి. కానీ కోట లోపలి క్లైవ్ కుటుంబ సేకరణనూ చూడాలి. తెల్లటి నూలుబట్ట మీద పూలకూజాల అద్దకమున్న టిప్పు సుల్తాన్ గుడారం అందులోదే. 1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు మద్రాసు గవర్నర్‌గా ఉన్నది రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్. మరుసటేడు నిజాం మన దత్తమండలాలను కంపెనీకి వదులుకున్నదీ ఆయన హయాంలోనే. సరదాగా గడపాల్సిన రోజున పిల్లలకు దోపిడీ కథలెందుకని కొందరంటారు. నిజానికి, మైసూరు గుడారం ఇక్కడికెలా వచ్చిందని ముందుగా అడిగేది పిల్లలే. ఆ ప్రశ్నను దాటవేయడం వాళ్లను తక్కువ చేయడమే. బ్రిటన్‌లోని తెలుగు తల్లిదండ్రులు తోటతో సరిపెట్టకుండా, ఆ సేకరణ ఉన్న గదిలోకీ పిల్లల్ని తీసుకెళ్లాలి.