మైత్రియే రక్ష

పాతబస్తీ నుండి నయాపూల్ మీదుగా మూసీ నదిని దాటితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. అక్కడి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఎవరి కులాన్నీ మతాన్నీ అడగలేదు. ఆపదలో ఆదుకొనేదే అసలైన రక్షణ. వ్యక్తులకు వర్తించే ఈ నీతి దేశాలకూ వర్తిస్తుంది. భారత, జపాను దేశాల సంబంధాల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను పేరు వింటేనే మన తీరవాసులు భయపడ్డారు. 1942 ఏప్రిల్ 6న ఆ దేశపు విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు కురిపించాయి. అదే ఏడు జపాను సేనలు బర్మాను ఆక్రమించగా, అక్కడ కూలినాలి చేసుకొని బ్రతుకుతున్న వేలాది తెలుగువారు కాందిశీకులై స్వదేశానికి తరలివచ్చారు. ఎందరో అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. అయితే మరుసటి ఏడే హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ, నేతాజీ సుభాష్ చంద్రబోసు వెంట జలాంతర్గామిలో సుమారు మూడు నెలలు ప్రయాణించి, స్వాతంత్ర్య సమరానికి అదే జపాను అండను ఆశించి తూర్పు ఆసియాకు చేరారు. ఒకే దేశం ఒకరి కంట శత్రువు, మరొకరి కంట ఆప్తుడు! పగ గాని, స్నేహం గాని జాతుల నెత్తుటిలో ఉండవు. పాలకులు అనుసరించే విధానాల నుండే అవి పుడతాయి.

యుద్ధంలో ఓడిన జపాను, 1947లో అమలులోకి వచ్చిన తన రాజ్యాంగంలోని 9వ అధికరణం ద్వారా యుద్ధాన్ని పరిత్యజించింది. 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి సభకు హాజరుకాని భారతదేశం 1952 జూన్ 9న జపానుతో విడిగా సంధి చేసుకొంది. యుద్ధ నష్టపరిహారాన్ని పూర్తిగా వదులుకొంది. ఓడినవాని జోలె తడమకపోవడం ఔదార్యమే కాదు, దూరదృష్టి కూడా.

2004 డిసెంబరు 26న సునామీ హిందూ మహాసముద్ర తీరాలను కబళించినప్పుడు భారత్, జపాన్, అమెరికా, ఆస్ట్రేలియాలు సహాయ కార్యక్రమాల సమన్వయానికి చేతులు కలిపాయి. నేడు ‘క్వాడ్’ అని పిలిచే చతుర్దేశ కూటమికి బీజం పడింది ఆ సహాయచర్యలలోనే. 2007 ఆగస్టు 22న జపాను ప్రధాని షింజో అబే మన పార్లమెంటులో ‘రెండు సముద్రాల సంగమం’ అనే పేరిట ప్రసంగించారు. మొగలు రాకుమారుడు దారా షికో 1655లో రచించిన గ్రంథం పేరే అది. హైందవ, సూఫీ తత్త్వాల సామ్యాన్ని చూపిన గ్రంథమది. భిన్న సంస్కృతులు కలగలసిన పాతబస్తీలో పెరిగినవారికి ఆ పేరులోని పరిమళాన్ని వేరుగా చెప్పనక్కరలేదు. 2008లో ఉభయ దేశాలు భద్రతా సహకార ప్రకటన చేశాయి. 2024 అక్టోబరులో జపాను యుద్ధనౌక మలబార్ నౌకా విన్యాసాలకు విశాఖ వచ్చింది. ఒకనాడు బాంబులు పడిన తీరం అది!

ఇటువంటి కూటములు చైనాను కవ్వించడానికేనని కొందరంటారు. ఆయుధబలం తప్ప వేరే రక్ష లేదని మరికొందరంటారు. జపాను సైతం 2022 డిసెంబరులో తన రక్షణ వ్యయాన్ని బాగా పెంచాలని నిర్ణయించింది. బలం లేని శాంతి నిలవదన్న మాట కాదనలేనిదే. కాని పగ పునాదిగా కట్టిన కూటమి ఆ పగతోనే కూలుతుంది. పశ్చిమాసియా చమురు జపానుకు చేరేది హిందూ మహాసముద్రం మీదుగానే. కనుక సముద్రమార్గాలు అందరికీ తెరచి ఉండడం ఆ దేశానికి ప్రాణావసరం, మనకూ అవసరమే. ఆ మేరకు సహకరించడం న్యాయం. అంతకు మించి ఒకరి తగవును మరొకరు నెత్తికెత్తుకోవడం వివేకం కాదు.

దేశాల మైత్రికి గీటురాయి విన్యాసాలలో పాల్గొన్న నౌకల సంఖ్య కాదు. ఉప్పెన వచ్చిన మరునాడు రేవుకు చేరే నౌకయే ఆ గీటురాయి. రేపటి పౌరులైన విద్యార్థులు విదేశాంగ విధానాన్ని ఈ కొలతతోనే కొలవాలి. వరదలో చెట్టు విలువ తెలిసిన నగరానికి ఈ పాఠం కొత్తది కాదు.