గట్టు మీద మందు కొట్టి చంపిన పూలకు ఇంటి దగ్గరైనా చోటియ్యండి

పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మన ఇళ్లల్ల ఎక్కడో ఒక తడి జాగా ఉంటది. బోరు దగ్గరో, ట్యాంకు పొర్లే చోటో, స్నానాల నీళ్లు పోయే మోరీ పక్కనో. ఎప్పుడూ బురద, దోమలు. దానికి మనోళ్లు చేసే వైద్యం ఒకటే, రెండు బస్తాల సిమెంటు తెచ్చి పూసేయడం. నేనంటున్నది, పూయకండి. ఆ జాగాను మన నీటిపట్టు పూల మొక్కలకు ఇయ్యండి. వాటికి ఊళ్లో ఇంకో చోటు మిగలట్లేదు.

వాటి అసలు చోటు పొలం గట్టు, కాలువ ఒడ్డు, చెరువు శిఖం. ఇదివరకు గట్టు చెక్కేటోళ్లు. పారకు పైది తెగేది, వేరు మిగిలేది, వాన పడితే మళ్లీ చిగురేసేది. ఇప్పుడు కూలీలు దొరకట్లేదని తైవాన్ స్ప్రేయర్ భుజానికేసుకుని గడ్డి మందు కొడుతున్నం. గ్లైఫోసేట్ మందు వేరు దాకా దిగి చంపుతది. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడొద్దని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. మన దగ్గర ఎవరు కొడుతున్నరో నేను చెప్పాల్సిన పని లేదు. కూలీల కష్టం నాకూ తెలుసు, పొలంలో కలుపు ఉంచమని ఎవరికీ చెప్పను. వరిలో గుంటగలగర మొలిస్తే నేనూ పీకేస్త. కానీ గట్టుకు, కాలువ ఒడ్డుకు మందెందుకు? అక్కడ పంటేముంది కాపాడుకోవడానికి?

మొన్న మా వీధిలో ఒక పెద్దమ్మ నూనె కాచుకుందామని గుంటగలగర కోసం గట్లన్నీ తిరిగింది. దొరకలే. చివరికి షాపులో పొడి ప్యాకెట్ కొనుక్కొచ్చింది. కాలి కింద పడి ఉండే మొక్కకు పైసలు పెట్టే కాలం వచ్చింది!

ఇంతకీ ఏ మొక్కలంటే, మీకు తెలిసినవే. గుంటగలగరకు గుండీలంత తెల్లపూలు, ఆకు నలిపితే చెయ్యి నల్లగైతది. సంబరేణి, అదే నీటిబ్రాహ్మి, బురద మీద చాప పరిచినట్టు పాకుతది. చిన్న మందపాటి ఆకులు, తెలుపులో లేత ఊదా కలిసిన పూలు. జానెడు తీగ తెంపి బురదలో గుచ్చితే చాలు, కణుపు కణుపుకూ వేరు పోస్తది. పొన్నగంటి కూరకు వేరే పరిచయం అక్కర్లేదు. ఇంక నీరుగొబ్బి. ముళ్లుంటయని దాన్ని చూస్తేనే కొడవలి తీస్తరు. కణుపుల చుట్టూ ఊదా పూలు గుత్తులుగా పూసినప్పుడు ఒక్కసారి ఆగి చూడండి, తేనెటీగలు ఎట్ల వాలుతయో. రెక్కల మీద నెమలికన్ను మచ్చలుండే నారింజ రంగు సీతాకోకచిలుక ఉంటది కదా, దాని పురుగులు ఈ ఆకు తిని పెరుగుతయి. వరిని ముట్టవు, భయపడకండి.

అన్నిటికన్నా నాకు కలువంటే ఇష్టం. ఉమ్మడి రాష్ట్రంలో కలువే రాష్ట్ర పుష్పం. విడిపోయాక తెలంగాణ 2014లో తంగేడును తీసుకుంది, ఆంధ్ర 2018లో మల్లెను పెట్టుకుంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు ముసలి తల్లి ఎవరి వంతుకూ రానట్టు కలువ ఎవరికీ కాకుండా పోయింది. తంగేడు మీద నాకు కోపం లేదు, అది మెట్ట మొక్క, ఎండకు తట్టుకుంటది. కలువకు నీళ్లు కావాలె, చెరువు కావాలె.

పశువులు అమ్మేశాక చాలా ఇళ్లల్ల గోలెం ఖాళీగా పడి ఉంది. దాంట్లో జానెడు మందం చెరువు ఒండ్రు వేయండి. పేడ వేయకండి, నీళ్లు కుళ్లి పాచి పడతది. చెరువులో నుంచి ఒక్క దుంప చాలు, ఉన్నవన్నీ పీక్కురావద్దు. మొలక పైకి ఉండేట్టు పాతి, పైన గుప్పెడు ఇసుక చల్లి మెల్లగా నీళ్లు పోయాలె. రోజుకు ఐదారు గంటల ఎండ తగలకపోతే ఆకులే వస్తయి, పూలు రావు. నీలి కలువ పొద్దున విచ్చుకుంటది. పెద్ద తెల్ల కలువ, ఎర్ర కలువ పొద్దుగూకినంక విచ్చి, తెల్లారి ఎండెక్కితే ముడుచుకుంటయి. రెండు రకాలూ ఉంటే రోజంతా పువ్వే. దోమలకు నాలుగు గప్పీ చేపలు వదలండి. వాటిని చెరువులో మాత్రం వదలొద్దు, అవి మన చేపలు కావు. పువ్వు బాగుందని గుర్రపుడెక్కను ఇంటికి తేవద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క మన చెరువులను ఏం చేసిందో చూస్తనే ఉన్నం.

ఇంకో మాట గట్టిగా చెప్తున్న. మోరీ నీళ్లతో పెరిగిన పొన్నగంటి, సంబరేణి తినకండి. నీళ్లల్ల ఉన్న విషాన్ని, లోహాలను ఆ మొక్కలు ఒంట్లోకి గుంజుకుంటయి. మోరీ పక్కన పువ్వు కోసం, కూరకైతే మంచి నీళ్లు పారే చోట వేరే మడి. సర్ఫు నీళ్లు ఎక్కువ పోయే చోట ఏదీ సరిగా బతకదు, వాటిని ఇంకుడు గుంతకు మళ్లించండి.

"తాగడానికే నీళ్లు లేకపోతే పూలకా?" అంటరు కొందరు. కొత్తగా ఒక్క బిందె పోయమనట్లేదు, పారబోసే నీళ్లే. గోలెం ఒక్కదానికి మాత్రం ఎండాకాలంలో వారానికి రెండు బిందెలు పడతయి. "పాములొస్తయి" అనేది నిజమైన భయమే, కాదనను. తడి ఉంటే కప్పలు, కప్పలుంటే పాము. అందుకే గడపకు పది అడుగుల అవతల పెట్టండి, మోకాలు ఎత్తు దాటనియ్యకండి, రాత్రి లైటు లేకుండా అటు పోకండి.

తొలకరి పడగానే తీగలు నాటండి. నీరుగొబ్బి గింజ మాత్రం కాయ ఎండినంక పొడి చేతులతోనే తీయాలె, తడి తగిలిందంటే జిగురై వేళ్లకు అంటుకుపోతది. మీ దిక్కు దాన్ని ఏ పేరుతో పిలుస్తరో రాయండి. మా మండలంలోనే మూడు పేర్లు విన్న.