ఒకే మాతృమూలముపై సంకర వరి

వరిపూవు స్వపరాగసంపర్కము గలది. ఉదయము కొంతసేపు మాత్రమే విచ్చుకొని, తన పుప్పొడితో తానే గింజ కట్టుకొని, మరల ముడుచుకొనును. ఇట్టి పైరున సంకర విత్తనము పండింపవలెనన్నచో లక్షలాది పూవుల కేసరములను చేతితో త్రుంచుట మానవసాధ్యము కాదు గనుక, సజీవమైన పుప్పొడియే పుట్టని తల్లిమొక్క కావలసివచ్చినది. అది 1970లో చైనాకు చెందిన హైనాన్ ద్వీపమున, అడవివరి నడుమ, వరి శాస్త్రజ్ఞుడగు యువాన్ లాంగ్‌పింగ్ అనుచరుల కంటబడినది. నేడు మన దేశపు సంకర వరిలో అధికభాగమునకు, మన కరీంనగర్ ప్రాంతపు విత్తన మళ్లలోని ఆడ వరుసలకు సైతము, మూలము ప్రధానముగా ఆ కుదురే.

ఆ మళ్లలో పని తేలికైనది కాదు. ఆడ మొక్క వెన్ను పోటాకు తొడుగు నుండి పూర్తిగా వెలికిరాదు కావున జిబ్బరెల్లిక్ ఆమ్లము పిచికారి చేయవలెను, కేళీలను (వేరు రకపు మొక్కలను) ఏరివేయవలెను, పూత వేళ ఇద్దరు మనుష్యులు చెరియొక వైపున తాడు పట్టి మగ వరుసలపై లాగుచు పుప్పొడిని రేపవలెను. ఆ పుప్పొడి ఆయువు కొద్ది నిమిషములే.

ఆడ మొక్కలో పుప్పొడి ఏల చచ్చుచున్నదో 2013లో చైనా శాస్త్రజ్ఞులు తేల్చిరి. పరాగకోశపు లోపలి పొర పుప్పొడికి దాదివంటిది. పోషణము ముగిసిన పిదప అది తనంతట నశించుట ప్రకృతిధర్మము. ఈ వంశపు మైటోకాండ్రియాలో డబ్ల్యూఏ352 అను జన్యువొకటి చేరియున్నది. దాని మాంసకృత్తు, కేంద్రకజన్యువు నుండి పుట్టిన కాక్స్11 అను మాంసకృత్తుతో పెనగొని, ఆ పొరను అకాలమున చంపగా, పుప్పొడి పోషణము లేక వట్టిపోవును. మగ వంశము నుండి వచ్చు పునరుద్ధారక జన్యువులు ఆ దోషమును అణచుటచేతనే రైతు పొలమున గింజ నిండుచున్నది. అయినను మైటోకాండ్రియా గల కణద్రవ్యము తల్లి నుండియే సంక్రమించును గనుక, ఆ కుదురు విత్తనమున పుట్టిన ప్రతి మొక్కలోను ఆ మూలము ఉండియే తీరును.

ఇందు భయపడవలసినదేమని అడుగువారికి అమెరికా మొక్కజొన్న సమాధానము చెప్పగలదు. అచట టెక్సాస్ అను వంధ్యత్వమూలము ఒక్కటే సుమారు 85 శాతము పంటను ఆక్రమించియుండగా, 1970లో ఆకుమాడు తెగులు విజృంభించి దేశపు దిగుబడిలో సుమారు 15 శాతమును హరించినది. పుప్పొడిని చంపిన జన్యువే ఆ తెగులు కలిగించు శిలీంధ్రపు విషమునకు మొక్కను లోబరచినదని పిదప తెలియవచ్చినది. మన దేశమున 1965లో వెలువడిన హెచ్‌బి-1 సజ్జ కథ కొంత వేరు: టిఫ్ట్ 23ఎ అను ఒకే తల్లివంశముపై ఆధారపడిన సంకరములు డెబ్బదులలో వెర్రికంకి తెగులున కూలినవి, అచట తప్పు కణద్రవ్యముది కాదు, ఏకరూపతది.

వరిలో అట్టి దోషమేదియు ఇంతవరకు బయటపడలేదన్న మాట నిజమే. టెక్సాస్ మొక్కజొన్నను గూర్చియు 1970కి ముందు చాలామంది ఇట్లే నిశ్చింతగా ఉండిరి. మరియొక మూలము లేదా యన్నచో, ఉన్నది: బెంగాలు దేశపు చిన్సురా బోరో వరి నుండి జపానువారు వేరొక వంధ్యత్వమూలమును సాధించిరి (మన వరిలోని గుణమును గుర్తింప పరదేశీయులు రావలసివచ్చుట కొంత చిత్రమే), 1973లో చైనాలోని హుబేయిలో పగటివేళ దీర్ఘమైనప్పుడు మాత్రమే వంధ్యమగు వరియు దొరికినది.

కాని పాత తల్లివంశములను క్రొత్త మూలమునకు మార్చుటకు ఆరేడు తరములు వెనుకసంకరము చేయవలెను. అటుపై తగిన మగ వంశములను వెదకవలెను. ఆ శ్రమ వలన ఈ యేటి దిగుబడి బస్తా యైనను పెరుగదు. కావున లాభము లెక్కించుకొను సంస్థ దానికి ముందుకు వచ్చునని నేను నమ్మను. ఆ భారము 1994 ప్రాంతమున ఏపీహెచ్ఆర్-1, ఏపీహెచ్ఆర్-2 సంకరములను మనకిచ్చిన ప్రభుత్వ పరిశోధనా కేంద్రములే వహింపవలెను. ప్రభుత్వములు అందులకు ప్రత్యేకముగా ధనము కేటాయించి, విడుదలయగు ప్రతి సంకరపు కణద్రవ్యమూలమును విత్తన సంచిపై ముద్రింపజేయవలెను.