రాక్షసునికిని కట్టుబాటు కలదు

నార్వే కొండలలో నివసించునని అచ్చటి పల్లెవారు తరతరములుగా చెప్పుకొనిన ట్రోల్ అను మహాకాయునికి బలమెంత కలదో కట్టుబాటును అంతయే కలదు: సూర్యకిరణము సోకినచో శిలయగును, క్రైస్తవుని నెత్తురును వాసనచే పసిగట్టును. పందొమ్మిదవ శతాబ్దిలో ఆస్‌బ్యోర్న్‌సెన్, మో అను మిత్రులిరువురు సేకరించి అచ్చొత్తించిన జానపద కథలతో పెరిగిన నార్వే ప్రజలకు సుపరిచితములైన ఈ కట్టుబాట్లను, 2010లో ‘ట్రోల్ హంటర్’ తీసిన దర్శకుడు ఆంద్రే ఓవ్రెడల్ సడలింపలేదు. ఆర్భాటమున ఈ చిత్రమును మించినది తరువాత వచ్చినను, నా దృష్టిలో దీనిదే పైచేయి యగుటకు కారణమదియే.

ట్రోళ్ల ఉనికిని ప్రభుత్వము ప్రజలనుండి దాచుచున్నదని ఈ చిత్రకథ. కొండలపై సాగిన విద్యుత్తు తీగలు వాటిని నిలువరించు కంచెలు. చంపిన ప్రతి ట్రోల్‌కును వేటగాడు సర్కారు ఫారము నింపి పంపవలెను. సూర్యరశ్మివలన పుట్టు విటమిన్ డి ని వాటి దేహము జీర్ణించుకొనలేకపోవుటయే శిలయగుటకు హేతువని పశువైద్యురాలు వివరించును. వీటన్నిటికంటె నన్ను కదిలించినది నెత్తురు వాసన ఘట్టము. వేటగాని వెంట తిరుగుచు చిత్రీకరించుచు, తాను క్రైస్తవుడనని దాచిన కెమెరా యువకుడు ఆ వాసనచేతనే పట్టుబడి మరణింపగా, అతని స్థానమున వచ్చిన యువతి తాను ముస్లిమునని చెప్పును. ఆమెకు అపాయము కలదో లేదో ఆరితేరిన వేటగాడును చెప్పజాలడు. ప్రాచీన గాథలోని ఒక్క నియమము నేటి నార్వే సమాజమును ఇంత సూటిగా ప్రశ్నించుట ఎంతటి ఘనత! ఆ వేటగాడు హాన్స్‌గా నటించిన ఒట్టో యెస్పెర్సెన్ వృత్తిచే హాస్యనటుడయ్యు, ట్రోల్ పసికూనలను సైతము చంపవలసివచ్చిన పూర్వవృత్తాంతమును చెప్పునపుడు, ఆ ముఖమున విసుగును పశ్చాత్తాపమును తప్ప వేరొకటి కానరాదు.

2022లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా లోకమంతయు చూచిన రోఆర్ ఊథౌగ్ చిత్రము ‘ట్రోల్’ నందు, సొరంగమునకై డోవ్రె పర్వతమును పేల్చగా మేల్కొనిన ట్రోల్ ఓస్లో నగరముపైకి నడచును. దృశ్యవైభవమునకు లోటు లేదు. కాని హెలికాప్టర్లు చుట్టుముట్టిన ఆ ఆకారము చాలవరకు ఏ దేశపు రాక్షసుడైనను కావచ్చును. రాజప్రాసాదము క్రింద దాని బంధువుల అస్థులు బయల్పడినపుడు మాత్రము అది నార్వే ట్రోల్ అగును, దాని దుఃఖము మనదగును. కథ ఆ అస్థులనుండియే ఆరంభమై యుండవలసినది.