ఆరేళ్లలోపు పిల్లల చదువు, సంరక్షణ: సర్కారు సాయం ఎక్కడ ఆగిపోతోంది? మీకు దక్కేదేంటి?

మీ పాపకు మూడేళ్లు నిండాయి. వీధి చివరి ప్లే స్కూల్లో ఫీజు ఎంతో కనుక్కుని ఇంటికొచ్చారు. ఇంత చిన్న పిల్లల చదువుకు ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా అని ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ముందుగా 'తల్లికి వందనం' గుర్తొస్తుంది. కానీ ఆ డబ్బు ఒకటో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివేవాళ్లకే. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలకు రాదు.

అలాగని ఆరేళ్లలోపు పిల్లల మీద ప్రభుత్వాలు ఖర్చే పెట్టడం లేదని కాదు. 1975లో మొదలైన ఐసీడీఎస్ కింద దేశంలో ఇప్పుడు దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలు నడుస్తున్నాయి. విషయమేంటంటే, ఆ డబ్బు అంగన్‌వాడీకి వెళ్తుంది, కుటుంబం చేతికి రాదు. మీరు బిడ్డను అక్కడికి పంపితే దాని ఫలితం దక్కుతుంది. పంపకపోతే లేదు. లండన్‌లో ఉన్న మీ చెల్లెలు వారానికి 30 గంటల డేకేర్ ఉచితం అని చెప్పి ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో అర్హులైన ఉద్యోగి తల్లిదండ్రులకు బిడ్డకు తొమ్మిది నెలలు నిండినప్పటి నుంచి, ఏడాదికి 38 వారాల పాటు ఆ సాయం ఉంది. తల్లిదండ్రులు ఎంచుకున్న నర్సరీకి ప్రభుత్వం డబ్బు కట్టే పద్ధతి అది. మన దగ్గర అలాంటిది లేదు.

తిండి హక్కు, చదువు మాత్రం 'ప్రయత్నం'

చట్టంలోనే ఒక పెద్ద తేడా ఉంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం సెక్షన్ 5 ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ వయసుకు తగిన ఆహారం స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా అందాలి. అది హక్కు. ఇవ్వలేకపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆహార భద్రతా భత్యం చెల్లించాలని అదే చట్టం చెబుతోంది.

దీనికి రేషన్ కార్డు అక్కర్లేదు. అంగన్‌వాడీ సేవలు అందరికీ అందాలని, పేదరికపు రేఖతో ముడిపెట్టకూడదని సుప్రీంకోర్టు స్పష్టం చేసి చాలా ఏళ్లైంది. "మనలాంటి వాళ్లకు అంగన్‌వాడీ ఇవ్వరేమో" అని వెనక్కి తగ్గేవాళ్లు పట్నాల్లో చాలామందే కనిపిస్తారు. ఇవ్వకపోవడానికి కారణమేదీ లేదు.

చదువు దగ్గరికొచ్చేసరికి భాష మారిపోతుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వయసుకే హామీ ఇస్తుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు ఉచిత పూర్వ ప్రాథమిక విద్య కోసం ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని అందులోని సెక్షన్ 11 అంటుంది. 'చేయాలి' అనలేదు. 2002లో 86వ సవరణతో మార్చిన రాజ్యాంగంలోని 45వ అధికరణం కూడా ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, చదువు కోసం రాజ్యం 'ప్రయత్నించాలి' అనే చెబుతుంది. అది ఆదేశిక సూత్రం. అమలు చేయలేదని కోర్టుకెళ్లి పట్టుబట్టడం కుదరదు. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచే చదువు లెక్క మొదలుపెట్టింది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. అంటే మూడు నుంచి ఆరు వరకు మూడేళ్ల చదువు అవసరమని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ మూడేళ్లకు హామీ మాత్రం ఇంకా చట్టంలోకి రాలేదు. మీరు కట్టే ప్లే స్కూల్ ఫీజు ఈ ఖాళీలోంచే పుడుతోంది.

అంగన్‌వాడీలో అసలేం దొరుకుతుంది?

బిడ్డ వయసును బట్టి ఉంటుంది. మూడేళ్లలోపు వాళ్లకు ఇంటికి తీసుకెళ్లే సరుకు ఇస్తారు. తెలంగాణలో ఏడు నెలలు దాటిన పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, గుడ్లు వస్తాయి. మూడేళ్లు దాటినవాళ్లు రోజూ వచ్చి అక్కడే భోజనం, గుడ్డు తింటారు. ఆట పాటలతో పూర్వ ప్రాథమిక విద్య చెప్పేదీ వీళ్లకే. రోజుకు కనీసం రెండు గంటలు చదువుకు కేటాయించాలన్నది 2023లో మొదలైన 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం లక్ష్యం.

పేరు నమోదు చేయించడానికి ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు. వివరాలు పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కుతాయి. ఇంటికిచ్చే సరుకుకు ఇప్పుడు ముఖ గుర్తింపు కూడా అడుగుతున్నారు. అంటే యాప్‌లో ఫొటో నమోదైన తల్లో, సంరక్షకురాలో స్వయంగా వెళ్లాలి. ఆ సమయంలో తల్లి ఆఫీసులో ఉంటుందన్న ఊహ ఈ ఏర్పాటులో ఉన్నట్టు అనిపించదు.

నాణ్యత మాటేంటి? లెక్క చూస్తే అర్థమవుతుంది. 2017లో ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం ఒక బిడ్డ పోషకాహారానికి రోజుకు 8 రూపాయలు. దాన్ని తగిన మేర పెంచుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. గుడ్లు, పాల వంటివి రాష్ట్రాలు పైన కలుపుతున్నాయి కాబట్టి మన రెండు రాష్ట్రాల్లో కొంత నయం. ఇక టీచర్. కేంద్రం 2018 నుంచి ఇస్తున్న గౌరవవేతనం నెలకు 4,500 రూపాయలు, మిగతాది రాష్ట్రాలు కలిపేది. ఆవిడే బరువులు తూచాలి, గర్భిణుల లెక్క రాయాలి, యాప్ నింపాలి, సర్వేలకు తిరగాలి, ఆ తర్వాత పాఠం చెప్పాలి. జీతం పెంచాలని ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. ప్లే స్కూల్‌తో అంగన్‌వాడీని పోల్చి పెదవి విరిచేముందు ఈ లెక్క ఒకసారి చూడాలి.

ఏదేమైనా ఒక పని చేయొచ్చు. ఉదయం పదకొండు గంటలప్పుడు మీ దగ్గర్లోని అంగన్‌వాడీకి వెళ్లి అరగంట కూర్చోండి. ఎంతమంది పిల్లలు వచ్చారు, టీచర్ వాళ్లతో ఉందా రిజిస్టర్లతో ఉందా, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది మీకే తెలుస్తుంది. ఒకే వార్డులో ఒకటి బాగుండి, ఇంకోటి అద్దె గదిలో గోనెసంచుల మధ్య నడవడం మామూలే. తెలంగాణ 2025-26లో ఎంపిక చేసిన కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనూ పూర్వ ప్రాథమిక తరగతులు మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో ఉంటే మీ దగ్గరి సర్కారు బడిలోనూ అడగండి.

ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తే?

అంగన్‌వాడీ వేళలు ఆఫీసు వేళలతో కలవవు. ఎండాకాలంలో ఒంటిపూట, ఆ తర్వాత సెలవులు. రెండేళ్ల బిడ్డనైతే అక్కడ రోజంతా వదిలిపెట్టే వీలే లేదు. ఈ సమస్యకు కేంద్రం చూపించే జవాబు 'పాల్నా' పథకం. పాత జాతీయ క్రెష్ పథకాన్నే 2022లో మిషన్ శక్తిలో కలిపి పేరు మార్చారు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలన్నది నిబంధన. కొన్ని అంగన్‌వాడీలనే క్రెష్‌లుగా కూడా నడిపే ఏర్పాటు ఇందులో ఉంది. దేశం మొత్తానికి అలాంటివి 17,000 అన్నది లక్ష్యం. 14 లక్షల అంగన్‌వాడీల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. మీ పేటలో ఒకటి ఉండే అవకాశం ఎంతో మీకే తెలుస్తుంది.

ప్రైవేటు ఉద్యోగులకు అంతకంటే గట్టి దారి యజమాని దగ్గరే ఉంది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నిబంధన ఉంది. గమనించాల్సింది ఏంటంటే, 50 మంది మహిళలు కాదు, మొత్తం ఉద్యోగులు 50 మంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావొచ్చు. క్రెష్ ఆఫీసులోనే ఉండాలని లేదు, నిర్దేశించిన దూరంలో ఉమ్మడిగా ఏర్పాటు చేసినా సరిపోతుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు మహిళకు ఈ సౌకర్యం గురించి రాతపూర్వకంగా తెలియజేయడం కూడా 2017 సవరణలో యజమాని బాధ్యతే. మీ ఆఫర్ లెటర్ కాగితాల్లో అది ఉందేమో చూసుకోండి. లేకపోతే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబొస్తుంది.

ప్రైవేటు ఫీజులో తగ్గేదెంత?

విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు బడులు బలహీన, వెనకబడిన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లు ఉచితంగా ఇవ్వాలి. బడిలో నర్సరీ ఉంటే అక్కడి నుంచే వర్తింపజేయాలని చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ మాత్రం ఒకటో తరగతికే దరఖాస్తులు పిలుస్తోంది. అప్పటికి ఆ బిడ్డ తల్లిదండ్రులు మూడేళ్ల ఫీజు కట్టేసి ఉంటారు. తెలంగాణలో ఈ సెక్షన్ ఏళ్ల తరబడి అమలుకే నోచుకోలేదు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది.

మధ్యతరగతికి మిగిలేది ఆదాయపు పన్ను. అందరికీ 80సిగా తెలిసిన మినహాయింపులో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు. ప్లే స్కూల్, ప్రీ నర్సరీ, నర్సరీలు కూడా దీని కిందికి వస్తాయని పన్ను శాఖ సర్క్యులర్‌లోనే ఉంది. 20 శాతం శ్లాబులో ఉన్నవారు 60,000 రూపాయల ఫీజు చూపిస్తే సెస్‌తో కలిపి 12,480 రూపాయలు ఆదా. వినడానికి బాగుంది. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఇది దక్కుతుంది. పైగా 1.5 లక్షల పరిమితిని పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇంటి అప్పు అసలు ముందే తినేస్తాయి. డొనేషన్, డెవలప్‌మెంట్ ఫీజు, బస్సు ఖర్చు లెక్కలోకి రావు. కాబట్టి రసీదులో ట్యూషన్ ఫీజును విడిగా రాయించుకోండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంగతి వేరు. పిల్లల విద్యా భత్యంగా ఒక్కొక్కరికి నెలకు 2,812.50 రూపాయల చొప్పున ఇద్దరి వరకు వస్తుంది. ఒకటో తరగతికి ముందు తరగతులూ అందులో ఉన్నాయి. నర్సరీ ఫీజు భారమని ప్రభుత్వానికి తెలియకపోవడమేమీ లేదు, తన ఉద్యోగుల విషయంలో తెలుసు.

మీ బస్తీలో అంగన్‌వాడీయే లేకపోతే

2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం చాలామందికి తెలియదు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండీ అంగన్‌వాడీ లేని పల్లెవాసులు, మురికివాడల వాసులు అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లోగా ఏర్పాటు చేయాలి. ఇది అపార్ట్‌మెంటులో ఉండే మీకంటే, మీ ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు ఎక్కువ పనికొచ్చే సమాచారం. మీ పాపను ఎత్తుకు తిరిగే ఆవిడ, తన బిడ్డను పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి వస్తూ ఉండొచ్చు. పిల్లల పేర్లు, వయసులు, తల్లుల సంతకాలతో జాబితా రాసి సీడీపీవో ఆఫీసులో ఇవ్వడానికి సాయం చేయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. మూడు నెలలు లెక్కపెట్టేది ఆ తేదీ నుంచే.