పాత కోడ్‌కు కొత్త పరీక్ష

పుదుచ్చేరిలో పనిచేసే వెబ్ డెవలపర్లలో కొందరు బయోడేటాలో ఒక సంగతిని మరుగున పెడుతుంటారు. ఏళ్ల తరబడి తాము చేసింది గెస్ట్ హౌస్‌ల వెబ్‌సైట్లేనని. 150 కి.మీ. దూరంలోని చెన్నై నుంచో, బెంగళూరు నుంచో సీనియర్ ఉద్యోగానికి పిలుపు రాగానే ఆ అనుభవం నామోషీగా తోస్తుంది. ఇక రియాక్ట్ ప్రశ్నలు బట్టీ పట్టడం మొదలవుతుంది. 2013లో ఫేస్‌బుక్ విడుదల చేసిన ఆ లైబ్రరీ తెలియకపోతే చాలాచోట్ల గుమ్మం దాటడం కష్టమే. కానీ అది జూనియర్లకూ తెలుసు.

సీనియర్‌ను అడిగేది వేరు. డిసెంబర్ 31 రాత్రికి వైట్ టౌన్‌లో ఒకే గది మిగిలిందనుకుందాం. ఇద్దరు ఒకే క్షణంలో బుక్ చేశారు. ఇద్దరి డబ్బూ పడింది. గది ఎవరికి? ఖాళీ ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాత నమోదు చేసే కోడ్‌లో ఈ రెంటి నడుమ సందు ఉంటుంది. రెండో అతిథి దూరేది అక్కడే. డేటాబేస్‌లో ఆ వరుసకు తాళం వేయాలా? ఒకే గదికి ఒకే తేదీన రెండు నమోదులు పడకుండా నిబంధన పెట్టాలా? యజమాని చేత తిట్లు తిని దీన్ని సరిచేసినవారికి ఇంటర్వ్యూలో తడుముకోవాల్సిన పనిలేదు. విచిత్రమేమిటంటే, వారు దాస్తున్నది సరిగ్గా ఆ కథనే.

వేగం సంగతీ అంతే. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలో కనిపించాలని, నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందించాలని గూగుల్ కొలమానం. ఈ రెండోది 2024 మార్చిలో వచ్చింది. అంకెలు అప్పగించడం తేలిక. 20 గదుల జాబితాకు ఒక క్వెరీ, ఒక్కో గది ధరకు మరొకటి చొప్పున మొత్తం 21 నడుస్తున్నాయని పసిగట్టడం అనుభవం.

యానాం నుంచి వచ్చినవారికి ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, పుదుచ్చేరి వీధుల్లో తమిళం, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్. తెలిసిన విషయమే నోట రాక ఆగిపోతుంది. చేసిన పనుల్లో ఓ మూడింటిని ఎంచుకుని, ఏం చెడింది, ఏం చేశారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది స్నేహితుడి ముందు పైకి చెప్పి చూసుకోవడం జాబితాలకన్నా మేలు. చివర్లో వారూ ఒకటి అడగొచ్చు: రాత్రి రెండింటికి సైట్ పడిపోతే మీ దగ్గర ఫోన్ ఎవరికి వెళ్తుంది?